కోర్టు ఉన్న ఊరు

అమెరికా దక్షిణాదిలో ‘కౌంటీ సీట్’ అంటే ఏంటని ఇంటి దగ్గర ఎవరైనా అడిగితే, పాత రోజుల్లో తాలూకా కచేరీ ఉన్న ఊరు లాంటిదని చెప్తుంటాను. సరిగ్గా అదే కాదుగానీ అర్థమవుతుంది. భూమి కాగితాలు, పెళ్లి లైసెన్సులు, ఓటర్ల నమోదు, పన్నులు, షెరీఫ్, జైలు, అన్నిటికీ మధ్యలో కోర్టు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కాగితం కోసం ఆ ఊరు రావాల్సిందే. ఆ రాకపోకల మీదే కొట్లు, హోటళ్లు, లాయర్లు, ఊరి పత్రిక బతుకుతాయి.

అలబామాలో మన్రో కౌంటీకి అలాంటి ఊరు మన్రోవిల్. 2020 జనాభా లెక్కల్లో ఆరువేలకి కాస్త తక్కువ. మొదట్లో కౌంటీ కేంద్రం ఇది కాదు, అలబామా నది ఒడ్డున ఉన్న క్లైబోర్న్. పడవలు ఆగే ఊరు, పత్తి ఎగుమతయ్యే రేవు. 1825లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన లాఫయెత్‌కి అక్కడ స్వాగతం కూడా చెప్పారు. 1832లో కోర్టు అక్కణ్ణించి మన్రోవిల్‌కి మారింది. క్లైబోర్న్‌లో ఇప్పుడు ఊరని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అట్లాంటా నుంచి నాలుగు గంటల పైన కారు నడుపుకుంటూ నేను అక్కడికి వెళ్లింది మాత్రం ఈ చరిత్ర కోసం కాదు. హార్పర్ లీ కోసం. డిగ్రీలో ఉండగా హాస్టల్ గదిలో చేతులు మారుతూ నా దగ్గరికొచ్చిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ కోసం. లీ 1926లో ఈ ఊళ్లోనే పుట్టింది, 2016లో ఈ ఊళ్లోనే పోయింది. పక్కింట్లో చుట్టాల దగ్గర పెరిగిన పిల్లాడు ట్రూమన్ కపోటి. ఒక చిన్న ఊరి ఒకే వీధిలో, ఒకే గోడకి అటూ ఇటూ ఇద్దరు రచయితలు. లీ వాళ్ల ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఐస్‌క్రీములు, బర్గర్లు అమ్మే చిన్న దుకాణం ఉంది.

పాత కోర్టు భవనం 1903 నాటిది. 1963 వరకూ నిజం కేసులు నడిచాయి, ఇప్పుడు మ్యూజియం. కోర్టు హాలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పైన చుట్టూ బాల్కనీ. సినిమా తీసేటప్పుడు హాలీవుడ్ వాళ్లు ఇక్కడికొచ్చి చూసుకుని, అచ్చం ఇలాంటి హాలునే స్టూడియోలో కట్టుకున్నారు. అందుకే గుమ్మంలో అడుగు పెట్టగానే ముందే చూసిన చోటులా అనిపిస్తుంది. లాయరు బల్ల దగ్గర నిలబడి ఫోటో దిగని మనిషి లేడు. నేనూ దిగాను.

ఏటా వసంతంలో ఊరివాళ్లే ఈ నవలని నాటకంగా ఆడతారు. మొదటి అంకం బయట పచ్చిక మీద, రెండోది లోపల కోర్టు హాల్లో. జ్యూరీని ప్రేక్షకుల్లోంచే ఎంచుకుంటారు. పాత్రలు వేసేవాళ్లు వ్యాపారులు, టీచర్లు, ఉద్యోగులు. 1937లో వచ్చిన వ్యానిటీ ఫెయిర్ లోదుస్తుల ఫ్యాక్టరీ ఈ ఊరికి దశాబ్దాల పాటు అన్నం పెట్టింది. తర్వాత కుట్టుపని విదేశాలకి పోయింది. కుట్టుమిషన్లు పోయిన ఊరికి కథ ఒక ఆధారమైంది. 1997లో రాష్ట్ర శాసనసభ మన్రోవిల్‌ని అలబామా సాహిత్య రాజధానిగా ప్రకటించింది. లీకి ఇదంతా పెద్దగా నచ్చినట్టు లేదు. తన పుస్తకం పేరుతో సరుకులు అమ్ముతున్నారని 2013లో మ్యూజియం మీదే దావా వేసింది. మరుసటేడు రాజీ కుదిరింది.

ఇంతవరకూ ఇది ఒక ముచ్చటైన ఊరి కథ. కానీ ఇదే కౌంటీ కోర్టుకి సంబంధించిన ఇంకో రెండు కథలున్నాయి.

మొదటిది 1919 నాటిది. హార్పర్ లీ నాన్న అమాసా కోల్‌మన్ లీ అప్పటికి కుర్ర లాయరు. ఒక తెల్ల వర్తకుణ్ణి చంపారన్న కేసులో ఇద్దరు నల్లవాళ్ల తరఫున వాదించాడు. తండ్రీ కొడుకులు. ఇద్దర్నీ ఉరితీశారు. ఆయన మళ్లీ క్రిమినల్ కేసు పట్టలేదు. పత్రిక నడిపాడు, శాసనసభకి వెళ్లాడు, ఊళ్లో పెద్దమనిషిగా బతికాడు. ఆటికస్ ఫించ్‌కి మూలం ఆయనేనంటారు. ఓడిపోయి వదిలేసిన కేసు నుంచి, ఓడిపోయినా తలెత్తుకుని నడిచే లాయరు పుట్టాడన్నమాట.

రెండోది మన కాలానిది. 1986 నవంబరులో మన్రోవిల్‌లో బట్టలు ఉతికిచ్చే షాపులో పనిచేసే పద్దెనిమిదేళ్ల తెల్లమ్మాయిని ఎవరో కాల్చి చంపారు. నెలలు గడిచినా హంతకుడు దొరకలేదు. మరుసటేడు జూన్‌లో వాల్టర్ మక్‌మిలియన్ అనే నల్లజాతి కలప కార్మికుణ్ణి అరెస్టు చేశారు. హత్య జరిగిన వేళకి ఆయన తన ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆ రోజు అక్కడ చర్చి కోసం చేపలు వేయించి అమ్ముతున్నారు. చూసినవాళ్లు ఒకరిద్దరు కాదు. అయినా విచారణ మొదలవకముందే ఆయన్ని ఉరిశిక్ష ఖైదీల విభాగంలో పెట్టారు. కేసుని నల్లవాళ్లు సుమారు నలభై శాతం ఉన్న మన్రో నుంచి, పదిశాతం కూడా లేని బాల్డ్విన్ కౌంటీకి మార్చారు. 1988లో విచారణ ఒకటిన్నర రోజులో ముగిసింది. జ్యూరీ యావజ్జీవం చాలంది. జడ్జి దాన్ని తోసిపుచ్చి మరణశిక్ష వేశాడు. అలబామా చట్టంలో జడ్జికి ఆ అధికారం 2017 వరకూ ఉంది.

ఆయన కేసు పట్టుకున్న కుర్ర లాయరు బ్రయన్ స్టీవెన్‌సన్. ఒక అమాయకుణ్ణి ఇరికించమంటున్నారని ముఖ్య సాక్షి పోలీసులతోనే మొత్తుకున్న టేపు ఆయనకి దొరికింది. అప్పటిదాకా ఆ టేపు సంగతి ప్రతివాది లాయర్లకి చెప్పలేదు. 1993 మార్చిలో మక్‌మిలియన్ విడుదలయ్యాడు. ఆ ఆరేళ్లలోనే, ఇదే ఊళ్లో, చేయని నేరానికి శిక్షపడ్డ టామ్ రాబిన్సన్ నాటకం వేయడం మొదలుపెట్టారు. జనం చూశారు, కళ్లు తుడుచుకున్నారు. ఈ వైరుధ్యాన్ని స్టీవెన్‌సన్ తన ‘జస్ట్ మెర్సీ’లో మొదట్లోనే ఎత్తిచూపుతాడు.

కోర్టు ఆవరణలో ఆటికస్ ఫించ్ పేరిట ఒక స్మారకం ఉంది. అలబామా బార్ వాళ్లు 1997లో పెట్టించారు. ఎన్నడూ బతకని లాయరుకి, ఎన్నడూ నడవని కేసుకి. మక్‌మిలియన్ బయటికొచ్చి అప్పటికి నాలుగేళ్లే.

దీన్ని కపటం అని తేల్చెయ్యొచ్చు, కానీ నాకు అంత సులువుగా తోచలేదు. నాటకం వేసేవాళ్లు టామ్‌ని చూసి ఏడ్చింది నిజంగానే అయ్యుంటుంది. అలబామాలో పుట్టి పెరిగిన నా కొలీగ్ ఒకామె, నల్లజాతి మనిషి, ఈ ప్రయాణం గురించి చెప్తే నవ్వింది. “ఆటికస్ పిల్లల పేర్లు ఎవర్నడిగినా చెప్తారు. టామ్ భార్య పేరు అడిగి చూడు,” అంది. హెలెన్. ముగ్గురు పిల్లల తల్లి. నవలలో టామ్ జైలు దగ్గర తుపాకి గుళ్లకి చచ్చిపోయాక, ఆవిడ బతుకు నాలుగు మాటల్లో అయిపోతుంది. మనం ఆటికస్‌తో కలిసి కోర్టులోంచి బయటికొస్తాం. మంచివాడి పక్కన నడిచామన్న తృప్తి మనతో ఇంటికొస్తుంది. ఆ తృప్తి కోసం మంచివాడు గెలవక్కర్లేదు, టామ్ బతకక్కర్లేదు. నవల బలం అదే, అందులో ఉన్న ప్రమాదమూ అదే. వంద కిలోమీటర్లు కాదు, వంద గజాల దూరంలో జరిగే అన్యాయాన్ని కూడా ఆ తృప్తి కనబడనివ్వదు.

తిరుగుదారిలో మాంట్‌గమరీలో ఆగాను. స్టీవెన్‌సన్ సంస్థ 2018లో అక్కడ ఒక స్మారకం తెరిచింది. గుంపులు చంపేసిన నల్లవాళ్ల కోసం. తుప్పురంగు ఉక్కు దిమ్మెలు ఎనిమిది వందల పైచిలుకు. కౌంటీకి ఒకటి. ఒక్కోదాని మీద కౌంటీ పేరు, ఆ కింద మనుషుల పేర్లు. మొదట్లో మన కళ్ల ఎత్తులో ఉంటాయి. నడిచేకొద్దీ నేల కిందికి దిగుతుంది, దిమ్మెలు తలపైకి లేస్తాయి. మన్రో కౌంటీది కూడా ఉంది.

బయట అవే దిమ్మెలకి నకళ్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఏ కౌంటీ అయినా వచ్చి, తన దిమ్మెని అడిగి తీసుకెళ్లి, తన ఊళ్లో నిలబెట్టుకోవచ్చు. అందుకోసమే చేయించారు. ఎండకి కాలుతూ, వానకి తడుస్తూ, ఊళ్ల పేర్లతో అవి ఎదురుచూస్తున్నాయి.