హొక్కైడో పూలదారుల్లో కారు నడపాలంటే...

జులైలో మన దగ్గర వానలు మొదలయ్యే వేళకి జపాన్‌కి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో లావెండర్ పూలు విరగబూస్తాయి. ఫురానో ఊరి దగ్గర కొండవాలంతా ఊదారంగు పట్టుచీర ఆరేసినట్టుంటుంది. పేరున్న తోమితా తోటలోకి వెళ్లడానికి టికెట్టు కూడా అక్కర్లేదు. కాకపోతే ఆ పల్లెల్లో బస్సులు తక్కువ. సప్పొరో నగరంలో కారు అద్దెకు తీసుకుంటే రెండున్నర గంటల్లో చేరుకోవచ్చు. పైగా అక్కడా మనలాగే ఎడమవైపు నడపడమే. ఇంకేం, బయల్దేరదామంటారా? ముందు కాగితాల సంగతి చూసుకోండి.

జపాన్‌లో మన డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే చూపిస్తే కారు ఇవ్వరు. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం జారీ అయిన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండి తీరాలి. మన రవాణా శాఖ ఇచ్చేది ఆ రకమే. ఫారం 4ఎ నింపి, లైసెన్సు, పాస్‌పోర్టు, ప్రయాణ టికెట్టు, ఫొటోలు జతచేయాలి. ఫీజు 1,000 రూపాయలు, సర్వీసు చార్జీలు అదనం. గడువు ఏడాది. ఇదంతా ఇక్కడే పూర్తిచేసుకోవాలి సుమా! ఇంటర్నెట్‌లో ఎవరో అమ్మే 'అంతర్జాతీయ లైసెన్సు' కార్డులు అక్కడ చెల్లవు. జిరాక్సు కాపీ, ఫోన్లో ఫొటో కూడా చెల్లవు. పర్మిట్, పాస్‌పోర్టు అసలువే చూపించాలి. మన లైసెన్సు కూడా వెంట ఉండాలి.

"నడిపేది మావారే కదా, నాకెందుకూ?" అనుకోకండి. మీకూ కారు లైసెన్సు ఉంటే మీ పేరున కూడా పర్మిట్ తీసుకోండి. ఆయనకి దారిలో నడుం పట్టేసినా, జ్వరం వచ్చినా స్టీరింగు అందుకోవాల్సింది మీరే. కానీ అద్దె కాగితాల్లో పేరు లేనివాళ్లు నడిపితే ఇన్సూరెన్సు వర్తించదు. అందుకని కారు తీసుకునేటప్పుడే ఇద్దరి పేర్లూ రాయించండి.

ఇంకో రెండు విషయాలు. పర్మిట్‌లో కార్లకు 'బి' అనే తరగతి ఉంటుంది. దాని ఎదుట ముద్ర పడిందో లేదో ఆఫీసులోనే చూసుకోండి. స్కూటర్ లైసెన్సు మాత్రమే ఉన్నవాళ్లకి ఆ ముద్ర పడదు. రెండోది పేరు. మన లైసెన్సుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మామూలే. పెళ్లయ్యాక ఇంటిపేరు ఒకదాంట్లో మారి, ఇంకోదాంట్లో మారకపోవడమూ ఉంటుంది. అలాంటి తేడాలుంటే ముందే సరిచేయించుకోండి. తీరా అక్కడ కౌంటరు దగ్గర నిలబడి, "రెండు పేర్లూ నావేనండీ" అని జపాను వాళ్లకి నచ్చజెప్పడం మన తరం కాదు!

ఇక రోడ్డెక్కాక... తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం కనిపిస్తే కారు పూర్తిగా ఆపాలి. రైలు గేటు తెరిచే ఉన్నా, ఆగి చూసుకునే పట్టాలు దాటాలి. వెనక సీట్లో వాళ్లూ బెల్టు పెట్టుకోవాల్సిందే. ఆరేళ్ల లోపు పిల్లలుంటే ప్రత్యేక సీటు తప్పదు, బుక్ చేసేటప్పుడే అడగండి. రోడ్ల పక్కన పైనుంచి కిందికి చూపే ఎరుపు తెలుపు బాణాలు కనిపిస్తాయి. చలికాలం మంచు కప్పేసినప్పుడు రోడ్డు అంచు ఎక్కడుందో చెప్పేవి అవే. బంకులో మామూలు పెట్రోలు గొట్టం ఎర్రగా, డీజిలుది ఆకుపచ్చగా ఉంటుంది. కారు తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు నిండుగా ఉండాలి. "మాన్‌తాన్" అంటే చాలు, నింపేస్తారు.

కారుకి చిన్న గీత పడినా "పోనీలే" అనుకోవద్దు. 110కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి, తర్వాత అద్దె కంపెనీకి చెప్పాలి. పోలీసుల దగ్గర నమోదు కాకపోతే ఇన్సూరెన్సు రాదు, ఖర్చంతా మన నెత్తినే పడుతుంది. అంబులెన్సుకి మాత్రం 119.

కాగితాలన్నీ ఒక జిప్పు సంచిలో పెట్టి, సూట్‌కేసులో కాకుండా మీ హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోండి. తోమితా తోటలో ఊదారంగు లావెండర్ ఐస్‌క్రీమ్ దొరుకుతుంది, రుచి చూడటం మరిచిపోకండేం!