65 వేలలో గేమింగ్ పీసీ: అమీర్‌పేట షాపుల్లో ఒక పూట

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే చేతుల్లో కరపత్రాలు పడుతూనే ఉంటాయి. పైథాన్, డేటా సైన్స్, డెవాప్స్, డెమో క్లాసు ఫ్రీ. ఈ కోర్సుల బోర్డుల నడుమే ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ షాపులున్నాయి. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ ఇక్కడే కోర్సు చేస్తున్న మా మేనల్లుడికి గేమింగ్ పీసీ కావాలి. మానిటర్ కాకుండా 65 వేలు దాటకూడదని మా బావగారి షరతు.

“ఏం కావాలె అన్నా? గేమింగా, ఆఫీస్ పనికా?” అంటూ కౌంటర్ వెనకున్న కుర్రాడు కొటేషన్ పుస్తకం అందుకున్నాడు. చకచకా రాసేశాడు: రైజెన్ 7 5700ఎక్స్, ఏ520 బోర్డు, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్ఎస్‌డీ, రంగుల లైట్ల అద్దాల క్యాబినెట్, ‘ఎస్ఎంపీఎస్ 450 వాట్లు’. మొత్తం బడ్జెట్‌లోనే ఉంది. మావాడి కళ్లు క్యాబినెట్ మీదే ఉన్నాయి.

తక్కువ డబ్బుతో కట్టే పీసీ బాగోగులు ఈ కాగితం మీదే తేలిపోతాయని నా గట్టి నమ్మకం. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పక్కన 4 జీబీ కార్డు పెడితే డబ్బంతా గేమ్‌కు అక్కరకు రాని చోట ఇరుక్కుంటుంది. పైగా 6500 ఎక్స్‌టీ బోర్డుతో మాట్లాడేది నాలుగు లేన్ల మీదే. ఏ520లో ఉన్నది పీసీఐఈ 3.0 స్లాటు, అంటే 4.0 వేగంలో సగం. కార్డు మెమరీ నిండి గేమ్ మెయిన్ ర్యామ్ వైపు పరుగెత్తినప్పుడల్లా ఆ ఇరుకు దారిలో ఫ్రేములు తడబడతాయి. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ కూడా రాదు, అది వేరే ఖర్చు.

కొట్టివేతలు మొదలుపెట్టాం. రైజెన్ 5 5600 చాలు: ఆరు కోర్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. బోర్డు బీ550. మిగిలిన డబ్బుకు లైట్ల క్యాబినెట్ డబ్బు కూడా కలిపితే 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 చేతికందింది. “లైట్లు లేకపోతే గేమింగ్ పీసీ ఎట్లా అవుతుంది మామయ్యా?” అన్నాడు మావాడు. ముందువైపు జాలీ ఉన్న సాదా క్యాబినెట్ చూపించాను. మే నెలలో, ఏసీ లేని హాస్టల్ గదిలో, ఆ జాలీలోంచి వచ్చే గాలే కార్డును కాపాడాలి.

ఇక అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్. డబ్బా తెరిపించి లేబుల్ చూశాం. పైన 450 అని పెద్ద అంకెలు. కింద 12 వోల్టుల వరసలో 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216 వాట్లే. ప్రాసెసర్, కార్డు రెండూ ప్రధానంగా కరెంటు తీసుకునేది ఆ వరస నుంచే. 6600 ఒక్కదానికే 132 వాట్లు కావాలి. కేబుళ్ల కట్ట విప్పితే కార్డుకు గుచ్చాల్సిన 8 పిన్నుల కనెక్టరే లేదు. కుర్రాడు మారు మాట్లాడకుండా పై అరలోంచి 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న 550 వాట్ల డబ్బా దించాడు.

ర్యామ్ దగ్గర మాత్రం బేరం సాగలేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు ఎగబాకాయి. ఆ డిసెంబరులోనే, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ప్రకటించింది. ఆ కంపెనీ ఇంజినీర్లు ఇదే హైదరాబాద్‌లో పనిచేస్తున్నారు. అయినా అమీర్‌పేట కౌంటర్‌లో ధర తగ్గదు. ఒక 16 జీబీ స్టిక్కు బదులు రెండు 8 జీబీలు తీసుకున్నాం. డ్యుయల్ చానల్‌లో నడిస్తే గేముల్లో తేడా తెలుస్తుంది.

మానిటర్‌కు ఒక్క స్టేషన్ అవతల పంజాగుట్ట వెళ్లాం. షోరూమ్‌లో 4కె తెరలు ఎంత ఊరించినా 6600కు తగినది 1080పీ. 24 అంగుళాల ఐపీఎస్ తీసుకుని తిరిగొచ్చాం.

అప్పటికి టెక్నీషియన్ పని మొదలుపెట్టాడు. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు ఎదురుగా పెట్టి, చేత్తో నొక్కకుండా జారనిచ్చాడు. ర్యామ్‌లు రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాడు. బయాస్ తెరుచుకుంది, ర్యామ్ వేగం 2666 చూపిస్తోంది. మేం కొన్నది 3200. ర్యామ్‌ను కొన్న వేగంతో నడిపించే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆన్ చేయమన్నాను, చేశాడు.

చివరికి బిల్లు. జీఎస్టీ బిల్లు మీద కార్డు, బోర్డు, ఎస్ఎంపీఎస్ సీరియల్ నంబర్లు ఒక్కొక్కటీ రాయించాం. మావాడు వాటిని డబ్బాల మీది స్టిక్కర్లతో సరిచూసి ఫొటోలు తీసి పెట్టుకున్నాడు.