కాలువగట్టు నడక

ఇంగ్లండు చూచి వచ్చినవారు లండను నగరపు వంతెనలను, రాజభవనములను వర్ణించుట వాడుక. నేనును వానిని చూచితిని గాని ఇప్పుడు వానిగూర్చి వ్రాయబూనలేదు. ఆ దేశపు పల్లెపట్టున నొక కాలువగట్టుమీద మా అత్తగారితో గూడ నడచిన ముక్కాలు క్రోసు త్రోవను గూర్చి మాత్రమే మీకు విన్నవించెదను.

మాది కోనసీమ. మావారు బడిపంతులు. మా మరిది బాత్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. 2023వ సంవత్సరము మేనెల సెలవులలో మేము అత్తగారిని వెంటబెట్టుకొని అతని యింటికి పోయితిమి. మామగారు గతించి అప్పటికి ఏడాది నిండెను. నాటినుండి అత్తగారు మాట తగ్గించిరి, గడప దాటుట మానిరి. మోకాళ్ళు పట్టివేసినవి. వైద్యుడు దినమునకు అరగంట నడువుమనెను. ఆమె వినలేదు. అంతదూరము పోయియు పదిదినములు కిటికీకడనే కూర్చుండిరి. నడకకు రమ్మని పిలిచినచో, "పనిలేని నడక యెందులకే అమ్మాయీ? నీళ్ళకు పోవలయునా, పొలమునకు అన్నము మోయవలయునా?" అనువారు. నాకు బదులు తోచెడిది కాదు. నిజమునకు ఆమె తన యెరుకలో నడచిన నడకలన్నిటను చంకను బిందెయో, చేతిలో అన్నపు గిన్నెయో ఉండనే ఉండెను.

తుదకు నా తోడికోడలు యుక్తి పన్నెను. పులిహోర కలిపి డబ్బాలో పెట్టి, "అత్తయ్యగారూ, రైలెక్కి పోయి ఇది తిని వత్తము" అనెను. నడక మాట ఎత్తలేదు. అత్తగారు లేచిరి.

బాత్ నుండి రైలులో పావుగంట పోయినచో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అను చిన్న పట్టణము వచ్చును. ఏవన్ నదికిరుప్రక్కల తేనెవన్నె రాతి యిండ్లు మెట్లు మెట్లుగా కొండనెక్కియుండును. స్టేషనుకు దాపుననే పదునాలుగవ శతాబ్దమున కట్టిన గొప్ప ధాన్యపుకొట్టు గలదు. దాని పొడవు 168 అడుగులు. అది షాఫ్ట్‌స్‌బరీ మఠమునందలి సన్యాసినులదట. రైతులు పండించినదానిలో పదవపాలు వారికి ముట్టవలెను. 1539లో రాజాజ్ఞచే ఆ మఠము మూతపడినది. కొట్టు మాత్రము నిలిచినది. అత్తగారు లోనికిబోయి దూలములవంక చాలసేపు చూచి, "ఎన్ని పుట్ల ధాన్యము పట్టునో! పెత్తనమంతయు ఆడువారిదేనా?" అనిరి. ఆ దినమున ఆమె నోట వచ్చిన మొదటి ప్రశ్న అది.

అచటినుండి కొంచెము మెట్టయెక్కగా కాలువ కనబడెను. దాని పేరు కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ. నీళ్ళకడ రెండు పెద్ద కొయ్యతలుపులు, వానికి చేతులు చాచినట్లు పొడవైన దూలములు. "ఇది లాకు" అని తోడికోడలు చెప్పబోవునంతలో అత్తగారు నిలిచిపోయి, "లాకా? ఇది మన లాకే!" అనిరి. ఆమె పుట్టినిల్లు గోదావరి కాలువగట్టున, లాకుల ప్రక్కనే.

అప్పుడే నెరసిన జుట్టుగల యొక తెల్లదొరసాని ఒంటరిగా పొడవైన పడవను నడుపుకొనుచు వచ్చి దిగువ తలుపులలోనికి జొనిపెను. అత్తగారు మాకు పాఠము మొదలిడిరి. "చూడుడు, వెనుక తలుపులు మూయును. ఎగువ తూములు ఎత్తును. నీళ్ళు నిండిన కొలది పడవ తనంతట తాను లేచును. లోపలి నీరు, ఎగువనీరు సమమైనగాని తలుపు కదలదు. బలవంతము పనికిరాదు." అట్లే జరిగెను. నీరు సమమగుటతోడనే దొరసాని దూలమునకు వీపు ఆనించి నెట్టసాగెను. ఎవరును పిలువకయే అత్తగారు కొంగు నడుమున దోపి, ప్రక్కకు పోయి తామును వీపు ఆనించిరి. తలుపు మెల్లగా తెరచుకొనెను. ఆ యిద్దరికి ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరినొకరు చూచి నవ్వుకొనిరి. ఏడాదికి మా యింట ఆ నవ్వు వినబడెను.

ఈ కాలువ కథ మీకు కొంత చెప్పవలెను. జాన్ రెన్నీ అను ఇంజనీరు పథకముచే త్రవ్వబడి, 1810లో ఇది ఆసాంతము తెరవబడెను. బ్రిస్టలు నుండి రెడ్డింగు వఱకు, నదీభాగములతో గూడ, 87 మైళ్ళ జలమార్గము. ఆ దినములలో గుఱ్ఱము గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడిది. నేలపై బండిని లాగలేని బరువును నీటిపై ఒక్క గుఱ్ఱమే లాగగలదు. ఆ గుఱ్ఱముకొరకు వేసిన బాటయే నేటి మన నడకబాట. నీటివలెనే బాటయు సమముగా సాగును. లాకులకడ తప్ప ఎక్కుడు దిగుడు లేదు. మోకాళ్ళనొప్పులవారికిని, పసిబిడ్డను తోపుడుబండిలో కూర్చుండబెట్టిన తల్లులకును అనుకూలముగా నుండుటకు ఇదియే కారణము.

1852లో ఒక రైలు కంపెనీ కాలువను కొనివేసెను. సరకులు రైలుకెక్కెను, కాలువ క్షీణించెను. చిత్రమేమనగా, అదే 1852లో మన ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియయ్యెను. ఇంగ్లండున కాలువలు మూలబడుచుండగా సర్ ఆర్థర్ కాటను మన దేశమునకు రైళ్ళకంటె కాలువలే మేలని వాదించుచుండెను. పంటకు నీరు, పడవకు దారి రెండును ఆ కాలువలే యిచ్చునని ఆయన నమ్మకము. ఇక్కడి కాలువ ఇరువదవ శతాబ్దము నడుమకు పాడువడి, పూడి, మూతపడనుండెను. 1956లో ప్రజలు వేలకొలది సంతకములతో రాణిగారికి విన్నపము పంపిరి. తరువాత సామాన్యులు పలుగు పార చేతబట్టి సెలవుదినములందు ఏండ్ల తరబడి బురద యెత్తిరి. 1990లో రెండవ ఎలిజబెత్ రాణి దానిని మరల తెరచెను. 2012 నుండి కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అను ధర్మసంస్థ దానిని కాపాడుచున్నది.

లాకు దాటి పడమరగా నడచితిమి. ఒకవైపు నిశ్చలమైన నీరు, రెండవవైపు పల్లమున నది, నడుమ పచ్చికబయళ్ళు. కంచెలపై ముండ్లచెట్లు తెల్లని పూలతో నిండియుండెను. నీటిపై పడవయిండ్లు బారులు తీరియున్నవి. కప్పులమీద పూలకుండీలు, వంటచెఱకు. ఒక మలుపున హంస పిల్లలతో గట్టెక్కి కూర్చుండెను. చిన్ననాట మా తండ్రిగారు కావ్యములు చెప్పుచుండగా నేను విన్న హంస నలునికి దౌత్యము నెరపినది. ఈ హంస మెడ చాచి నాపై బుసకొట్టెను! పిల్లలున్న తల్లి గదా యని మేమే ఒదిగి పోతిమి.

ఆ పడవదొరసానిని చూచినపుడు తోడికోడలు మరియొక సంగతి చెప్పెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున పురుషులు కొరవడగా లండను బర్మింగుహాముల నడుమనున్న కాలువలో స్త్రీలు సరకుపడవలు నడపిరట. వారి బిళ్ళపై జలమార్గములను సూచించు ఐ, డబ్ల్యు అను రెండక్షరములుండగా, వానిని "సోమరి స్త్రీలు" అని విప్పి జనులు పరిహాసమాడిరట. ఉక్కు, బొగ్గు మోసినవారికి ఆ పేరు! అత్తగారు ఇది విని, "ఎక్కడనైన అంతే" అనిరి.

మైలున్నర నడచునప్పటికి ఏవన్‌క్లిఫ్ వచ్చెను. ఇచట కాలువయే రాతి అక్విడక్టుమీద నదిని దాటును. క్రింద నది, పైన కాలువ, ఆ కాలువలో పడవ! నడిమి కమాను కట్టిన కొలదికాలమునకే క్రుంగెను. నేటికిని ఆ వంపు కనబడును. మా గన్నవరపు పాత అక్విడక్టు జ్ఞప్తికి వచ్చెను. అది 49 కమానులపై వైనతేయను దాటించి నగరము లంకకు నీరు చేర్చినది.

అచట బల్లపై కూర్చుండి పులిహోర తింటిమి. అత్తగారు నీటివంక చూచుచు మెల్లగా చెప్పిరి. "నేను కాపురమునకు పడవలోనే వచ్చితిని. ఇద్దరు మనుష్యులు గట్టున త్రాడు భుజమునవేసికొని లాగుచుండిరి. మీ మామగారు దిగి వారితో కొంతదూరము నడచిరి. నాకును దిగి నడువవలెనని యుండెను. క్రొత్తకోడలు దిగగూడదు గదా." మేమెవ్వరము బదులాడలేదు. కొంతసేపటికి ఆమెయే లేచి, "ఇంక కొంచెము దూరము పోదమా?" అనిరి.

తిరుగు ప్రయాణమునకు అక్కడనే చిన్న స్టేషను గలదు. చేయి చాపినగాని రైలు ఆగదు, మన పల్లె బస్సువలె. చేయి చాపినది అత్తగారే.

ఆ దేశమున బంధువులున్న సోదరీమణులకు ఒకటి రెండు మాటలు. 1949 నాటి శాసనమువలన పల్లెల నడకబాటలు పటములలో నమోదైనవి. బాట యొకరి పొలము నడుమ పోయినను నడచువారిని పొమ్మనరు. తెరచిన గేటు మూయవలెను. గంట మ్రోగినచో సైకిలువారికి త్రోవ యీయవలెను. గట్టి పాదరక్షలు, వానకోటు మరువరాదు. మేనెలలో రాత్రి తొమ్మిదింటిదాక వెలుగుండును.

ఇప్పుడు ఉదయమున అత్తగారును నేనును మా యూరి లాకుదాక పోవుచున్నాము. గట్టున చెత్తయు కలదు, ముండ్లును కలవు. అయినను బాట కలదు. "ఎక్కడికమ్మా పయనము?" అని యడిగినవారికి ఆమె, "ఎక్కడికిని లేదు, నడచుటకు" అని బదులు చెప్పుచున్నారు.