పోర్ట్ లూయిస్ రేవులో తెలుగు అడుగులు

హైదరాబాదుకు సముద్రం లేదు. హుస్సేన్ సాగరుకు పేరులోనైనా సాగరముంది గదా అని తృప్తిపడే ఊరు మనది. అటువంటి ఊరి అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, మరి నలుగురు నౌకాదళ మహిళాధికారులతో కలిసి 2017 సెప్టెంబరు 10న గోవాలో ‘తారిణి’ అనే తెరచాప నావనెక్కారు. 56 అడుగుల ఆ నావలో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చారు. మొత్తం 254 రోజులు.

ముందుగా అనుకున్న మజిలీలు నాలుగే: ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్. అయిదవది అనుకోనిది. చివరి అంచెలో చుక్కాని యంత్రాంగం మొరాయించడంతో 2018 ఏప్రిల్‌లో నావను మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌కు మళ్ళించారు. కేప్ హార్న్ దగ్గరి తుఫానుల కంటె నాకు ఈ మజిలీయే ఎక్కువగా గుర్తుండిపోయింది. అందుకు కారణముంది.

మరుసటి ఏడాది ఆఫీసు పనిమీద కొన్ని వారాలు నేను మారిషస్‌లో ఉన్నాను. మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో వెలిస్తే, తరువాతి దశాబ్దంలో వారు ఎబెన్ అనేచోట, ఒకప్పటి చెరకు తోటల నేలమీద, భారతదేశపు రుణసాయంతో సైబర్‌సిటీ కట్టుకున్నారు. అద్దాల మేడలు, మెడలో కార్డులు, మధ్యాహ్నం భోజనాల వేళ లిఫ్టుల దగ్గర వరుసలు – హైటెక్ సిటీని విడిచి వచ్చినట్టే అనిపించలేదు. ఆదివారం దొరగ్గానే బస్సెక్కి రేవుకు పోయాను.

పోర్ట్ లూయిస్‌ను 1730లలో రేవుపట్టణంగా తీర్చిదిద్దినవాడు ఫ్రెంచి గవర్నరు లా బూర్దొనే. 1746లో మద్రాసును ఇంగ్లీషువారి చేతిలోనుంచి లాక్కున్నవాడూ ఇతడే. రేవుకెదురుగా తాటిజాతి చెట్ల వరుసల ముందు అతని విగ్రహం ఇప్పటికీ నిలబడి ఉంది. 1810లో ద్వీపం ఇంగ్లీషువారి వశమైంది. ఊరి వెనుక బొటనవేలిలా లేచిన ల పూస్ కొండ, నెత్తిన బండరాయి మోస్తున్న పీటర్ బోత్ శిఖరం. తెరచాపల మీద వచ్చేవారికి మొదట కానవచ్చేది ఆ కొండల వరుసేనని తోచింది.

విగ్రహం నుంచి కొద్దిదూరం నడిస్తే ఆప్రవాసీ ఘాట్. 1849లో కట్టిన వలస కూలీల డిపో ఇది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మిగిలినది స్వల్పం: ద్వారం, ఆసుపత్రి గదులు, వంటశాల ఆనవాళ్ళు, ఓడ దిగినవారు ఎక్కివచ్చిన రాతిమెట్లు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దారంభం దాకా దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఈ ద్వీపానికి వచ్చారు. వారిలో మన తీరాంధ్ర ప్రజలూ ఉన్నారు. కోరంగి రేవు పేరుమీద తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు.

అయిదేళ్ళ ఒడంబడిక. నెలకు అయిదు రూపాయల జీతం, కొంత తిండిగింజలు. ఒకరోజు పనికి రాకుంటే రెండు రోజుల కూలి కోత. ప్రతి మనిషికీ ఒక నంబరు. 1860ల నుంచి ఫోటో అంటించిన కాగితం. 1867 నాటి చట్టం తరువాత, ఒడంబడిక తీరినవారు సైతం ఆ కాగితం లేకుండా పట్టుబడితే దిమ్మరులన్న నేరం మీద జైలు పాలయ్యేవారు.

మన ఐటీ కారిడార్‌లో, టీ కొట్ల ముందు, ‘మనం సైబర్ కూలీలం’ అన్న మాట తరచు వినిపిస్తుంది. నంబరు, ఫోటో, ఒడంబడిక మనకూ ఉన్నవి నిజమే. కాని ఆ పోలిక ఆ మెట్ల దగ్గర ఆగిపోతుంది. రాజీనామా ఉత్తరం రాసి రెండు నెలల్లో నేను బయటపడగలను. వారు పని విడిచిపోతే అది నేరం. ఓడ ప్రయాణంలోని కష్టం ఎంతైనా, దిగిన రేవు నుంచి మళ్ళీ బయల్దేరే హక్కు ఉన్నదా లేదా అన్నదే అసలు తేడా. తారిణి చుక్కానిని బాగుచేసుకుని, ఆ నెల దాటకుండానే ఇంటిదారి పట్టింది. అంతకు ముందు తెరచాప ఓడల మీద వచ్చిన మనవారికి చుక్కాని ఎన్నడూ తమ చేతిలో లేదు. వచ్చినవారిలో రమారమి మూడింట రెండు వంతులు అక్కడే ఉండిపోయారు.

ఉండిపోయినవారు ఊరకే ఉండలేదు. సింహాద్రి అప్పన్న పూజను, రామభజనను వెంట తెచ్చుకుని తరతరాలుగా నిలుపుకున్నారు. ఉగాది నేడు మారిషస్‌లో ప్రభుత్వ సెలవుదినం. స్వాతి సొంత ఊరి దేవుడు ఆమె కంటె ఎన్నో తరాల ముందే ఆ రేవులో దిగాడన్నమాట! ‘మన అమ్మాయిలు తొలిసారి సముద్రం జయించారు’ అని పొంగిపోయేటప్పుడు, సముద్రం మనకు కొత్త కాదని, జయించడం మాత్రమే కొత్తదని గుర్తుంచుకోవడం మంచిది.

ఆ కూలీల రికార్డులు సైబర్‌సిటీకి దగ్గరలోనే, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. విశాఖ, గోదావరి జిల్లాల వారిలో ‘మా తాతగారి అన్న ఓడెక్కి పోయి మళ్ళీ రాలేదు’ అని ఇంట్లో విన్నవారుంటే, అటు వెళ్ళినప్పుడు బీచీలకు కేటాయించిన రోజుల్లో ఒక్కటి ఆ కాగితాలకు కేటాయించండి. గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసుకున్న పేర్లవి. వాటిని పైకి చదివి పోల్చుకోవాలంటే తెలుగు చెవి కావాలి.