‘తర్వాత చూద్దాం’ పక్కన ఒక తేదీ



విమానంలో చిన్న లోపం కనిపిస్తే ప్రతిసారీ ప్రయాణం ఆపరు. మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ ఒప్పుకుంటే మరమ్మతు వాయిదా వేస్తారు. కానీ లాగ్‌బుక్‌లో రాస్తారు, పనిచేయని పరికరం దగ్గర స్టిక్కర్ అంటిస్తారు, గడువు పెడతారు: ‘బి’ రకానికి 3 రోజులు, ‘సి’కి 10, ‘డి’కి 120. అనుమతి లేకుండా గడువు దాటితే అది ఉల్లంఘనే.

మా క్లాసు పాప వాళ్ల నాన్నగారు, విమానాల ఇంజనీరు, పేరెంట్స్ మీటింగ్‌లో ఇది చెబుతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ పాపకు భిన్నాలు రావట్లేదని జూన్‌లోనే గమనించాను. ‘తర్వాత చూద్దాం’ అనుకున్నాను, ఎక్కడా రాసుకోలేదు. దసరా సెలవులూ అయిపోయాయి.

ఇప్పుడు పాప రోజూ లంచ్ తర్వాత పది నిమిషాలు నా దగ్గర కూర్చుంటోంది. నా డైరీలో గడువు రాసి ఉంది. ఇంట్లో మీరూ ‘రేపు చెబుతాలే’ అంటే, పక్కనే తేదీ వేయండి.