రాయి చెప్పిన కథ, చెప్పని కథ

కొన్ని సంవత్సరముల క్రిందట చెన్నపట్టణమున మా పెదనాన్నగారి యింటికి పోయియుంటిని. ఆయన నన్ను కోటలోని సెంట్ మేరీ చర్చికి తీసికొనిపోయిరి. 1680వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన ఆ మందిరము చుట్టును నేలపై సమాధి ఫలకములు పరచియున్నవి. వానిపై అడుగిడుటకు నా మనస్సు ఒప్పలేదు.

పెదనాన్నగారు నవ్వి, "నాయనా, ఈ రాళ్లు మొదట ఇచ్చటివి కావు. 1758లో ఫ్రెంచివారు కోటను ముట్టడించి, వెలుపలి శ్మశానమున సమాధుల చాటున నిలిచి పోరాడిరి. అందుచే ఆంగ్లేయులు పిమ్మట ఆ సమాధులను తొలగించి, రాళ్లను ఇచ్చటికి చేర్చిరి. రెండింటిని మాత్రము కదల్పక విడిచిరి" అని చెప్పిరి.

ఆ రెండింటిలో ఒకదానిని సాయంకాలము చూచితిమి. అది హైకోర్టు చెంత, పూర్వపు న్యాయకళాశాల ఆవరణమున ఉన్న ఎత్తైన కూచిస్తంభము. దాని క్రింద జోసెఫ్ హిన్మర్స్ అను కుంపిణీ ఉద్యోగియు, 1688లో మరణించిన డేవిడ్ యేల్ అను పసివాడును ఉన్నారు.

ఆ బాలుని తండ్రి ఎలైహూ యేల్. ఇంగ్లండునుండి అమెరికాకు వలసపోయిన కుటుంబమున 1649లో బోస్టను నగరమున ఆయన జన్మించెను. చిన్ననాడే ఇంగ్లండు చేరి, 1672లో కుంపిణీ గుమాస్తాగా చెన్నపట్టణము వచ్చెను. సెంట్ మేరీ చర్చిలో జరిగిన మొదటి వివాహము ఆయనదే; వధువు హిన్మర్స్ భార్యయైన వితంతువు కేథరిన్. 1687లో గవర్నరై, స్వలాభమునకు అధికారమును వాడుకొనెనను ఆరోపణలపై 1692లో పదవి కోల్పోయెను. 1718లో అమెరికాలోని ఒక కళాశాలకు తొమ్మిది మూటల సరకును, 417 గ్రంథములను, రాజుగారి చిత్రపటమును పంపగా, ఆ విద్యాలయము ఆయన పేరు ధరించెను. 1721లో మరణించిన ఆయన సమాధి వేల్సు దేశమున, రెక్సమ్ చర్చి ఆవరణమున కలదు.

"పాపము, కన్నకొడుకును ఈ పరాయినేలలో విడిచిపోయెను గదా!" అంటిని.

పెదనాన్నగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "ఆ దుఃఖము నిజమే. కాని ఆయన కాలముననే ఈ రేవునుండి బానిసలను ఓడల కెక్కించిరి. వారిలోను పసివారుండిరి. వారి తల్లులు ఏ రాయి నిలిపిరి, నాయనా?" అని అడిగిరి. నాకు మాట రాలేదు.

2024లో ఆ విశ్వవిద్యాలయము బానిసత్వముతో తన పూర్వులకుగల సంబంధమును ఒప్పుకొని క్షమాపణ చెప్పినదని పత్రికలో చదివినప్పుడు ఆ ప్రశ్న మరల జ్ఞప్తికి వచ్చెను. రాతిపై వ్రాసినదానిని చదువుట సగము చదువే. వ్రాయనిదానిని అడిగి తెలిసికొనుట తక్కిన సగము.

నాటి సాయంకాలము ఆ సమాధికడ చెప్పులు విడిచి నమస్కరించితిని. ఆ నమస్కారము, పేరైనను మిగులని ఆ పసివారికిని చెందుగాక!