ఒక ఊరు, రెండు రాజ్యాలు

పిల్లలూ, మీలో ఎవరైనా కాజీపేటలో బస్సెక్కి, హనుమకొండ మీదుగా వరంగల్లు కోటకు వెళ్ళారా? వెళ్ళి ఉంటే, దారిలో మీరు ఒక జిల్లా దాటి మరొక జిల్లాలో అడుగుపెట్టారన్న మాట! 2021 నుంచి కాజీపేట, హనుమకొండ ఒక జిల్లాలోనూ, కోట, వరంగల్లు రైలుస్టేషను వేరొక జిల్లాలోనూ ఉన్నాయి. అయినా ఊరు ఒకటే. నగరపాలక సంస్థ ఒకటే. కండక్టరు మిమ్మల్ని నిద్రలేపి, "జిల్లా మారింది, చిల్లర మార్చుకోండి" అనడు గదా!

ఇది జిల్లాల హద్దు కాబట్టి సరిపోయింది. అదే రాజ్యాల హద్దు ఊరి నడుమ పడితే ఎలా ఉంటుంది? అలాంటి ఊళ్ళు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మన తెలుగునాట కూడా ఒకటి ఉండేది. దాన్ని చూడాలంటే వరంగల్లులో రైలెక్కి సికిందరాబాదులో దిగాలి. అయితే రైలుతోపాటు ఓ నూరేళ్ళు వెనక్కు కూడా పోవాలి!

హైదరాబాదు నిజాం నవాబుది. హుసేన్ సాగరు చెరువుకు ఉత్తరాన ఇంగ్లీషువాళ్ళ పటాలాలు దిగిన చోట మరొక ఊరు లేచింది. 1806లో సికిందర్ జా నవాబు పేరున దానికి సికిందరాబాదు అని పేరు పెట్టారు. పేరు నవాబుదే గాని, పెత్తనం ఇంగ్లీషువాళ్ళది. రెండు ఊళ్ళకూ నడుమ ఉన్నది చెరువుకట్ట. ఆ కట్ట మీద గోడ లేదు, ముళ్ళకంచె లేదు. కాని కట్ట దాటితే జేబులోని రూపాయి విలువ మారిపోయేది.

నిజాం రూపాయిని హాలీ అనేవారు. ఇంగ్లీషువాళ్ళ రూపాయి కల్దారు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దారులు వచ్చేవి. హైదరాబాదులో 35 హాలీల జీతం పుచ్చుకునే గుమాస్తా ఒకడున్నాడనుకోండి. సికిందరాబాదు బజారుకు వెళ్ళేసరికి అవి 30 కల్దారులే! షరాబు తీసుకునే వట్టం కూడా పోతే ఇంకా తక్కువ. ఒక ఊళ్ళో పని, రెండో ఊళ్ళో సంత ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకు ఆరో ఎక్కం, ఏడో ఎక్కం బాగా వచ్చి ఉంటాయని నా అనుమానం.

ఉత్తరాల సంగతీ అంతే. నిజాం రాజ్యంలోపల తిరిగే ఉత్తరానికి నిజాం బిళ్ళ అంటించాలి. బెజవాడకో మద్రాసుకో పంపాలంటే ఆ బిళ్ళ చెల్లదు, ఇంగ్లీషువాళ్ళ బిళ్ళ కావాలి.

హైదరాబాదు నడిబొడ్డునే ఇంకొక హద్దు ఉండేది. కోఠీలో ఇంగ్లీషు రెసిడెంటు ఉండే భవనం చుట్టూ ఉన్న బజారు కూడా ఇంగ్లీషువాళ్ళ అధికారం కిందే ఉండేది. అదే నేటి సుల్తాన్ బజారు. వీధికి ఇవతల ఒక చట్టం, అవతల ఒక చట్టం! నిజాం రాజ్యంలో సభ జరపాలంటే ముందు సర్కారు అనుమతి పుచ్చుకోవలసిన కాలం ఒకటి వచ్చింది. ఆ ఉత్తరువును గస్తీ నిషాన్ 53 అనేవారు. రెసిడెన్సీ బజారులో నవాబు అధికారుల మాట చెల్లేది కాదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది ఆ ప్రాంతంలోనే. మూడేళ్ళకు, 1904లో, మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది.

నిజం చెప్పాలంటే ఇది పూర్తిగా రెండు పరదేశాల హద్దు కాదు. నవాబు కూడా ఇంగ్లీషువాళ్ళకు లోబడినవాడే. 1933లో రెసిడెన్సీ బజారు, 1945లో సికిందరాబాదు ఊరు నవాబు చేతికి తిరిగి వచ్చాయి.

ఇప్పుడు అసలైన పరదేశాల హద్దు చూద్దాం. స్విట్జర్లాండులో రైను నది ఒడ్డున బాజెల్ అనే నగరం ఉన్నది. దాని ఒక పక్క జర్మనీ, మరొక పక్క ఫ్రాన్సు. బాజెల్‌లో ట్రాము ఎక్కితే జర్మనీలోని వైల్ అనే ఊళ్ళో దిగవచ్చు. ఈ ట్రాము 2014లో మొదలయింది. 2017 నుంచి ఫ్రాన్సులోని సెయింట్ లూయీకి కూడా ట్రాము పోతున్నది. జర్మనీ, ఫ్రాన్సుల నుంచి వేలమంది పొద్దున్నే బాజెల్‌కు పనికి వస్తారు, అక్కడ జీతం ఎక్కువ. బాజెల్ వాళ్ళు సంచులు పట్టుకుని వైల్‌కు పోతారు, అక్కడ సరుకు చవక! స్విట్జర్లాండు నాణెం ఫ్రాంకు, అవతలివాళ్ళది యూరో. హాలీ, కల్దారు కథే మళ్ళీ!

అన్ని చోట్లా ట్రాములు ఇలా హాయిగా నడవవు. అమెరికాలో ఎల్ పాసో, మెక్సికోలో హువారెజ్ అనే రెండు నగరాలు ఎదురెదురుగా ఉన్నాయి. నడుమ రియో గ్రాండే నది. 1848లో యుద్ధం ముగిశాక ఆ నదే హద్దు అని ఒప్పందం రాసుకున్నారు. నదికి ఒప్పందాలు తెలుస్తాయా? 1864లో వరద వచ్చి నది దక్షిణానికి జరిగింది. మెక్సికో నేల కొంత అమెరికా ఒడ్డున పడిపోయింది. అది మాదంటే మాదని దాదాపు నూరేళ్ళు తగువు జరిగింది. చివరకు 1963లో రాజీ కుదిరి, నదిని సిమెంటు కాలువలో పారించారు. నేల మెక్సికోకు పోవటంతో అక్కడ కాపురమున్న అయిదువేలమందికి పైగా ఇళ్ళు విడిచి లేచిపోవలసి వచ్చింది. ఈనాటికీ హువారెజ్‌లో ఇల్లు, ఎల్ పాసోలో బడి ఉన్న పిల్లలున్నారు. వాళ్ళు పుస్తకాల సంచిలో పాస్‌పోర్టు పెట్టుకుని, తెల్లవారకముందే వంతెన మీద వరుసలో నిలబడతారు.

అంతటి హద్దు మన రైలుదారికి కూడా ఒకసారి అడ్డం పడింది. వరంగల్లు నుంచి బెజవాడకు 1889లోనే రైలు నడిచింది. ఇటు ఖమ్మం, మధిర నిజాం రాజ్యంలోవి. ఎర్రుపాలెం దాటి కొంత దూరం పోతే కృష్ణా జిల్లా. అటు తల్లి, ఇటు కూతురు ఉన్న కుటుంబాలు ఎన్నో. 1947 ఆగస్టు 15న బెజవాడలో జాతీయ జెండా ఎగిరింది. వరంగల్లులో దాన్ని ఎగరేస్తే జైలు. నవాబు ఇండియాలో చేరనన్నాడు. రజాకార్ల బాధ పడలేక ఎందరో పిల్లా జెల్లాతో హద్దు దాటి బెజవాడ వైపు పోయారు. ఇంటికి తాళం పెట్టి, మళ్ళీ ఎప్పుడు తీస్తారో తెలియకుండా పోయారు. పదమూడు నెలల తరువాత, 1948 సెప్టెంబరు 17న, నవాబు లొంగిపోయాడు.

హద్దు పోయింది గాని, హాలీ రూపాయి వెంటనే పోలేదు. 1959 దాకా బజారులో తిరిగింది. మీ తాతమ్మ పాత పెట్టె ఏదైనా అటక మీద ఉంటే, అడిగి తీయించి చూడండి. చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయి దొరికితే అది హాలీ. ఇంగ్లీషు రాజు తలకాయ ఉంటే కల్దారు.